ఎవరికీ చెప్పనని మాటివ్వను

మానసిక వైద్యుల గదిలో పిల్లలు అసలు సంగతి చెప్పే ముందు ఒక షరతు పెడతారు: “ఎవరికీ చెప్పనంటేనే చెప్తా మేడం.” హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతంలో ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఈ మాటను ఎన్నో గొంతుల్లో విన్నాను. కోచింగ్ కోసం హాస్టల్లో ఉంటున్న ఇంటర్ పిల్లలు, నల్లగొండ, సూర్యాపేట నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు, అందరిదీ అదే షరతు. ఆ మాట నేను ఇవ్వను. కారణం చట్టం ఒక్కటే కాదు.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలి. డాక్టర్లకు, కౌన్సెలర్లకు మినహాయింపు లేదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. రోగి రహస్యాన్ని కాపాడమని చెప్పే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, ఇంకొకరిని హాని నుంచి కాపాడవలసి వచ్చినప్పుడు ఆ రహస్యానికి హద్దు పెట్టింది. చట్టం ఇంతవరకు చెబుతుంది. ఫోన్ చేసే ముందు పాప కళ్లలోకి చూసి ఏం చెప్పాలో, చేశాక ఆ తల్లిని ఎలా ఓదార్చాలో అందులో రాసి ఉండదు.

కింద రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ఎనిమిదో తరగతి అమ్మాయి. పొద్దున్నే కడుపునొప్పి, బడికి పోనని ఏడుపు. స్కానింగ్‌లోనూ రక్తపరీక్షల్లోనూ ఏమీ తేలక పిల్లల డాక్టర్ నా దగ్గరికి పంపారు. తల్లిని బయట కూర్చోబెట్టి, ఏ పిల్లలకైనా మొదటే చెప్పే మాట చెప్పాను: “నువ్వు చెప్పేది మన మధ్యే ఉంటది. కానీ నీకెవరైనా హాని చేస్తున్నట్టు తెలిస్తే, ఆపగలిగేవాళ్లకు నేను చెప్పాలి. నీకు తెలియకుండా మాత్రం ఏమీ చెయ్య.” ఆరోజు ఆమె నోరు విప్పలేదు. తర్వాతిసారి వచ్చినప్పుడు, తండ్రికి వరుసకు అన్నయ్యే మనిషి పేరు చెప్పింది. చివర్లో అంది: “పెద్దనాన్న కూడా ఎవరికీ చెప్పొద్దన్నడు మేడం.”

నేను ఆ మాట ఎందుకివ్వనో చెప్పడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు అక్కర్లేదు. నేరం చేసినవాడి చేతిలో రహస్యమే ఆయుధం. “ఎవరికీ చెప్పకు” అన్నంతకాలమే వాడి ఆట సాగుతుంది. అదే రహస్యాన్ని దయతో, ప్రేమతో నేనూ దాస్తే, ఆ పాపకు తెలిసిన పెద్దల్లో మౌనం కోరేవాళ్లు మరొకరు పెరుగుతారు, అంతే. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి చేయించిన అధ్యయనంలో, వేధించినవారిలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లో, నమ్మినవాళ్లోనని తేలింది. నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని చేసిన గాయం ఇది. మానేది కూడా నమ్మకంతోనే, కాకపోతే నిజం చెప్పే నమ్మకంతో.

తల్లికి చెప్పినప్పుడు ఆమె నా కాళ్లు పట్టుకోబోయింది. “ఆయనే మేడం మా పిల్లల ఫీజులు కడుతున్నది. జైల్ల పెడితే మా ఇంటాయన నన్ను బతకనిస్తడా? రేపు పిల్ల పెళ్లి ఎట్లయితది?” ఆమెకు బిడ్డ మీద ప్రేమ లేదనుకుంటే అంతకంటే అన్యాయం ఉండదు. ఇంకెవరూ మోయని ఖర్చును ఆమె ఒక్కతే లెక్కేసుకుంటోంది. ఆమె ఎదుటే పోలీసులకు ఫోన్ చేశాను. అంతకు ముందు జరగబోయేదంతా వివరించాను. వాంగ్మూలం తీసుకోవడానికి మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా ఇంటికే రావచ్చు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలియజేస్తారు. పేరు, ఫొటో పత్రికల్లో రాకూడదు. కోర్టులో నిందితుడు పాప కంటపడకుండా చూడాలి. ఇవన్నీ చట్టం ఇచ్చిన హక్కులని తెలిశాక ఆమె ఏడుపు ఆగలేదు కానీ, వణుకు తగ్గింది.

తర్వాత ఆ ఇల్లు నిజంగానే రెండుగా చీలింది. తల్లి చాలాకాలం పాపను నా దగ్గరికి తీసుకురాలేదు. చెయ్యవలసిన పనే చేశానని తెలిసినా ఆ రోజులు బరువుగా గడిచాయి. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో సాక్ష్యం చెప్పే సమయం దగ్గరపడ్డాక తల్లీకూతుళ్లు మళ్లీ వచ్చారు. అక్కడి నుంచి అసలు చికిత్స మొదలైంది. రిపోర్టు చెయ్యడంతో వైద్యుడి పని పూర్తయిందనుకోవడం అందుకే పొరపాటు.

చట్టం ప్రతిచోటా ఇంత సూటిగా సరిపోదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి ఎప్‌సెట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి నిద్ర పట్టడం లేదని వచ్చింది. నేను గోప్యత గురించీ, దాని హద్దు గురించీ చెప్పాను. శ్రద్ధగా విని, కాసేపు ఆలోచించి, “అయితే నిద్ర సంగతే మాట్లాడదాం మేడం” అంది. ఆమె ఏం మింగేసిందో నాకు తెలియదు. ఈ వయసు పిల్లలు ఇష్టపడి దగ్గరైనా చట్టం దృష్టిలో అది నేరమే. గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే డాక్టర్ తన నివేదికలో పేరు చెప్పనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న తీర్పిచ్చింది. ఆ కొద్దిపాటి వెసులుబాటు కౌన్సెలింగ్ గదికీ రావాలని నా అభిప్రాయం. సమ్మతి వయసును 18 నుంచి తగ్గించవద్దని లా కమిషన్ 2023లో సూచించింది. ఆ వాదనలోని భయం నాకు అర్థమవుతుంది. కానీ భయంతో డాక్టరుకే చెప్పుకోలేని పిల్లను ఏ చట్టమూ కాపాడలేదు.

మూడో కేసు ముప్పై దాటిన ఉద్యోగిది. చిన్నప్పుడు ట్యూషన్ మాస్టారు తనను ఏం చేశాడో మొదటిసారి నోరు తెరిచి చెప్పాడు. మగపిల్లలకు ఇలాంటివి జరగవనుకునేవారికి, 2007 అధ్యయనంలో లైంగిక వేధింపులకు గురైన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలేనని గుర్తుచేస్తాను. అతను పెద్దవాడు. తన కథ ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నది అతని ఇష్టమే. కానీ ఆ మాస్టారు ఇంకా అదే కాలనీలో పిల్లలకు చదువు చెబుతున్నాడు. జరగవచ్చన్న అనుమానం అని చట్టం అన్నది ఇలాంటి చోటే. ఆ సంగతి అతనికి దాచకుండా చెప్పాను. మౌనంగా ఉండే దారి నాకు లేదనీ, తను నాతో కలిసి నడవవచ్చనీ అన్నాను. చివరికి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి తనే ఫోన్ చేశాడు, నేను పక్కన కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి ఆ విషయంలో నిర్ణయం తన చేతిలో ఉందని తర్వాత చెప్పాడు.

కాలేజీల్లో, హాస్టళ్లలో పనిచేసే యువ కౌన్సెలర్లు నన్ను తరచూ అడుగుతుంటారు: “ముందు మేనేజ్‌మెంట్‌కు చెప్పమంటున్నారు, చెప్తే సరిపోతుందా?” సరిపోదు. ప్రిన్సిపాల్‌కు చెప్పినంత మాత్రాన మీ బాధ్యత తీరదు. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు పడవచ్చు. సదుద్దేశంతో సమాచారమిచ్చిన మీకు మాత్రం చట్టమే రక్షణ ఇస్తుంది. కానీ ఆ రాత్రి ఒంటరిగా కూర్చుని మథనపడే కౌన్సెలర్‌కు సెక్షన్ నంబర్లు చాలవు. అనుభవమున్న ఒక సీనియర్ ఫోన్‌లో అందుబాటులో ఉండాలి. శిక్షణలో పోక్సో చదివిస్తున్నాం. ఏడుస్తున్న తల్లి పక్కన ఎలా కూర్చోవాలో కూడా నేర్పాలి.

భరోసా కేంద్రం 2016లో హైదరాబాద్‌లో మొదలైనప్పుడు పోలీసు, వైద్యం, న్యాయసాయం, కౌన్సెలింగ్ ఒకే కప్పు కిందికి వచ్చాయి. పాప తన బాధను గుమ్మం గుమ్మానా తిరిగి చెప్పుకోనక్కర్లేదన్న ఆలోచన అది. ఫీజుల కోసం, అద్దె కోసం నిందితుడి మీదే ఆధారపడిన తల్లికి కూడా అలాంటి ఆసరా కావాలి. అది లేకుండా “ఎందుకు దాచావు?” అని ఆమెను అడిగే హక్కు మనకు లేదు.

ఎవరికీ చెప్పనని మాటివ్వలేను. చెప్పేముందు నీకు చెబుతాననీ, చెప్పాక నిన్ను వదిలిపెట్టననీ మాత్రం ఇవ్వగలను. ఈ రెండింటినీ నిలబెట్టుకోవడమే మా వృత్తిలో గోప్యతకు అసలు పరీక్ష అని నమ్ముతున్నాను.