తల వంచిన తుపాకి

ఇంటరయ్యాక ఏం చేస్తారంటే మా హాస్టల్లో సగం మందిమి "మిలిటరీ" అంటాము. జీతం వస్తుంది, ఇంటికి పంపొచ్చు. 2021 డిసెంబరు 8న కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో అమరుడైన లాన్స్ నాయక్ సాయితేజది అప్పటి మన చిత్తూరు జిల్లాలోని ఎగువరేగడే. ఊర్లోనే సైనిక లాంఛనాలతో సాగనంపారు.

ఆ లాంఛనాల్లో 'శోక్ శస్త్ర్' అని ఒకటుందని ఎన్‌సీసీ సారు చెప్పారు. తుపాకి గొట్టం కిందికి తిప్పి, పైన చేతులు మోపి, తల వంచి నిలబడాలి. బ్యూగిల్‌పై 'లాస్ట్ పోస్ట్' ముగిసినా మౌనం అయ్యేదాకా కదలకూడదు. 2019లో ప్రారంభమైన ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం దగ్గర కూడా ఈ బ్యూగిలే మోగుతుంది.

కర్రలు పట్టుకుని మేమూ నిలబడ్డాము. పరుగుపందెమే నయం! రెండు నిమిషాలకే మెడ పీకింది. ఈగ వాలితే చెయ్యి లేచింది. నవ్వుకున్నాము. ఆర్డరు చెప్పినవాడు మాత్రం నవ్వలేదు. వాళ్లన్న లడఖ్‌లో జవాను.