చింతపిక్కల లెక్కలు

హాస్టల్ తమ్ముళ్లకు మాదొక మాట. మా చిన్నప్పుడు ఎక్కాలంటే బట్టీ, తప్పితే బెత్తం. పిల్లలు చేసి నేర్చుకుంటారని పరిశోధకులు చెప్పిన సంగతిని తరగతిలోకి తెచ్చింది బ్రిటన్ సాయంతో నడిచిన ఏ.పి.పి.ఇ.పి. పథకం. 1996లో మన విజయనగరం జిల్లాకు డి.పి.ఇ.పి. వచ్చింది. చుట్టుపక్కల బళ్ల మాస్టార్లు ఒకచోట కూడి, పాఠం ఎలా చెప్పాలో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేవారు.

అలా వెళ్లొచ్చిన మా మాస్టారు ఓ రోజు చింతపిక్కలు పంచి, కుప్పలు పెట్టించి, భాగహారం మా చేతులతోనే చేయించారు. లెక్కలు రావని బడి మానేద్దామనుకున్న మా గదివాడే ముందుగా జవాబు చెప్పాడు. బడి మానలేదు.

ఆ పథకాలు ముగిశాయి. మనకు ట్యూషన్లు లేవు. అందుకే తమ్ముళ్లూ, మీకు వచ్చిన లెక్క రాత్రి స్టడీ అవర్లో పక్కవాడికి పిక్కలతో చెప్పండి.