ఫారం అడిగిన ప్రశ్నలు

2025 జూన్‌లో హైదరాబాద్ శివారులోని మా కొంపల్లికి పక్కనే ఉన్న జీడిమెట్లలో ఒక తల్లి హత్యకు గురైంది. పోలీసులు అదుపులోకి తీసుకున్నవారిలో పదో తరగతి చదువుతున్న ఆమె కూతురూ ఉంది. ఆగస్టులో కూకట్‌పల్లిలో పదేళ్ల పాప ప్రాణం పోయింది. పక్క భవనంలో ఉండే పద్నాలుగేళ్ల అబ్బాయి క్రికెట్ బ్యాట్ దొంగిలించడానికి వచ్చి, పాప చూసిందని చంపాడని పోలీసులు చెప్పారు. కొన్నాళ్లు మా లిఫ్టుల్లో, పాల బూతు దగ్గర అదే మాట. ఫోన్ల వల్ల అన్నారొకరు, సినిమాల వల్ల అన్నారింకొకరు. పెంపకం అని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. అందరి గొంతులోనూ ఒక భరోసా మాత్రం ఉంది: ఆ పిల్లలు వేరే రకం, మన పిల్లలు వేరు.

ఆ భరోసా నాకెందుకో నిలవలేదు. దానికి కారణం, పేపరుకెక్కని చిన్న గొడవ ఒకటి.

మా అపార్ట్‌మెంట్ వెనక ఒక ఖాళీ ప్లాటు ఉంది. సాయంత్రాలు మా పిల్లలు, వెనక బస్తీలోని అద్దె గదుల పిల్లలు కలిసే క్రికెట్ ఆడేవాళ్లు. పెద్దవాళ్లం కలపని వాళ్లను బంతి కలిపింది. ఒకరోజు బస్తీ కుర్రాడు, పదిహేనేళ్లుంటాయేమో, వికెట్ పుల్ల తీసి మా వైపు అబ్బాయి నుదుటి మీద కొట్టాడు. కుట్లు పడ్డాయి. రాత్రికల్లా కొట్టినవాడి ఫొటో మా వాట్సాప్ గ్రూపులో తిరిగింది. మర్నాడు క్లబ్‌హౌస్‌లో సమావేశం. గోడ ఎత్తు పెంచాలి, కెమెరాలు పెట్టాలి, బస్తీ పిల్లల్ని రానివ్వకూడదు, కేసు పెట్టాలి అన్నారు. నలుగురు స్టేషన్‌కు బయల్దేరితే వాళ్లతో నేనూ వెళ్లాను.

అక్కడ పిల్లల కేసులు చూసే అధికారిణి మామూలు చీరలోనే ఉంది. పిల్లలతో మాట్లాడేటప్పుడు యూనిఫాం వేసుకోకూడదట. ఘోరమైన నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప మైనర్ మీద ఎఫ్‌ఐఆర్ రాయకూడదని 2016 నాటి బాలల న్యాయ నియమాలు చెబుతున్నాయని ఆమె వివరించింది. పనిలో పనిగా ఆ ఫొటో కూడా తీసేయమంది. మైనర్ ఎవరో బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చట. శిక్ష వేయించడానికి వెళ్లినవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

“అంటే వదిలేస్తారా మేడమ్?” అన్నారు మాలో ఒకాయన.

“వదిలేసుడు కాదు సార్. డైరీల ఎక్కిస్తం. పోరనిది, ఇంటిది, బడిది అంత రాసి బోర్డుకు పంపాలె.”

ఆ రాసే ఫారమే సామాజిక నేపథ్య నివేదిక. ఇంట్లో ఎవరెవరున్నారు? బడి ఎందుకు మానేశాడు? పని చేస్తున్నాడా, ఆ డబ్బు ఎవరికిస్తున్నాడు? ఎవరితో తిరుగుతాడు? వాడి మీద ఎప్పుడైనా దౌర్జన్యం జరిగిందా? క్లబ్‌హౌస్‌లో అంతసేపు మాట్లాడుకున్నాం; వీటిలో ఒక్క ప్రశ్నా మా నోట రాలేదు.

జవాబులు మెల్లగా తెలిశాయి. తొమ్మిదితో చదువు ఆగింది. తండ్రి ఇంటికి రావడం మానేశాడు. పెళ్లిళ్ల రోజుల్లో హైవే పక్క ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ పని. అలా ఒక పెళ్లిలో తెల్ల చేతితొడుగులతో ప్లేట్లు ఎత్తుతుండగా మా అపార్ట్‌మెంట్ అమ్మాయి ఒకతె వీడియో తీసి, వెటకారపు పాట తగిలించి ఇన్‌స్టాలో పెట్టింది. ఆ రోజు ప్లాటులో ఎవరో ఆ పాట అందుకున్నారు. నవ్వులు. తర్వాత వికెట్ పుల్ల.

అమ్మాయిని ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లమ్మ కొన్నాళ్లు ఫోన్ లాక్కుంది, అంతే. మగపిల్లవాడు కొడితే నెత్తురు కనిపిస్తుంది, స్టేషన్ దాకా పోతాం. ఆడపిల్ల చేసిన గాయం కనిపించదు కాబట్టి చిన్నపిల్లల సరదా అని దులిపేసుకుంటాం. అలాగని ఆ అమ్మాయిని దోషిగా నిలబెట్టడానికీ నాకు మనసొప్పదు. స్నేహితురాళ్లు తనను గ్రూపులోంచి తీసేశారనీ, వాళ్ల మెప్పు కోసమే అది పెట్టిందనీ వాళ్ల నాయనమ్మ తర్వాత చెప్పింది. ఆ పిల్ల కథ కూడా ఎవరో ఒకరు కాగితం మీద పెట్టి ఉండాల్సింది.

“మరి మావాడి కుట్ల సంగతేంటి?” అని దెబ్బ తిన్న అబ్బాయి తల్లి అడిగింది. న్యాయమైన ప్రశ్న. కుర్రాడి కష్టం తెలిసినంత మాత్రాన ఆమె కొడుకు నొప్పి తగ్గదు. మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే బాలల న్యాయ బోర్డు వాణ్ని మందలించి కౌన్సెలింగ్‌కు పంపింది. ఆమెకు అది చాలలేదు. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఇప్పటికీ మాట లేదు.

నన్ను వెంటాడింది మరొకటి. ఆ ఫారంలోని ఒక్కో గడికి జవాబు ఎవరో ఒకరికి ముందే తెలుసు. వాడు బడి మానేశాడని మా వాచ్‌మన్‌కు తెలుసు. అర్ధరాత్రి దాకా పనిచేస్తున్నాడని క్యాటరింగ్ మేస్త్రీకి తెలుసు. అమ్మాయి ఒంటరిదైపోయిందని ట్యూషన్ టీచర్ గమనించింది. వీడియోను మా పిల్లలందరూ చూశారు. ఎవరికి తెలిసిన ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోయింది. వాటిని కలిపి చదవడానికి ఒక నుదురు పగలాల్సి వచ్చింది.

ఇలాంటి ప్రశ్నలు ముందే అడిగిన దేశం ఒకటుంది. ఐస్‌లాండ్‌లో 1998లో పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకు ముందు నెలలో మత్తెక్కేలా తాగామని సర్వేలో చెప్పారు. అమ్మానాన్నలతో ఎంతసేపు గడుపుతారు, సాయంత్రాలు ఏం చేస్తారు అని బడుల్లో పదే పదే అడుగుతూ, ఆటలకూ సంగీతానికీ డబ్బు పెట్టారు. తల్లిదండ్రులు రాత్రిళ్లు వీధుల్లో వంతులవారీగా నడిచారు. 2016 నాటికి ఆ 42 శాతం కాస్తా 5 శాతానికి దిగింది. అది తాగుడు లెక్క, మనది కొట్లాట. చలిదేశపు మందు మన మేడ్చల్ ఎండకు పనిచేస్తుందా అని అనుమానించవచ్చు. కానీ పిల్లల్ని ముందే అడగడానికి వాతావరణంతో పనేముంది?

ఒకప్పుడు ద్రాక్షతోటలున్న ఈ వైపు నేల మీద ఇప్పుడు విల్లాలు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. మా వెనక ప్లాటుకూ ప్రహరీ వచ్చేసింది. బస్తీ పిల్లలు ఇప్పుడు సర్వీసు రోడ్డు మీద ఆడుతున్నారు, మా పిల్లలు గదుల్లో ఫోన్లలో ఆడుతున్నారు. ఈ ఏడాది మా అసోసియేషన్ బడ్జెట్‌లో సీసీ కెమెరాలకు ఒక పద్దు ఉంది. పిల్లల ఆటకు లేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ సంగతి ఎత్తుదామని కొందరం అనుకున్నాం. మీ కాలనీ లెక్కల పుస్తకం కూడా ఒకసారి తెరిచి చూడండి.