చెప్పు అడగని కాలు

‘మయూరి’ సినిమాలో కృత్రిమ కాలుతో సుధాచంద్రన్ చేసిన నాట్యం చూసి చప్పట్లు కొట్టినవాళ్లం, ఆ జైపూర్ కాలు చేసిందెవరని అడిగామా?

మాస్టర్‌జీ అని పిలిచే రామచంద్ర శర్మ పెద్దగా చదువుకోలేదు, చేతిపనివాడు. జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు పి.కె.సేథీతో కలిసి 1968 నాటికి రబ్బరు పాదం తయారుచేశాడు. అప్పటిదాకా దొరికే విదేశీ పాదానికి బూటు తప్పనిసరి. బూటేసుకుని పొలంగట్టు మీద నడిచేదెలా, బాసింపట్టు వేసుకుని అన్నానికి కూర్చునేదెలా? ఈ పాదం అన్ని వైపులా వంగుతుంది, నీళ్లకూ బురదకూ జంకదు. గొంతుక్కూర్చోవచ్చు కూడా. నా లెక్కలో అసలు గొప్పతనం అదే.

కానీ పాదం పుట్టగానే పేదవాడి గుమ్మంలోకి రాలేదు. కొన్నేళ్లపాటు అతి కొద్దిమందికే అందింది. రోడ్డు ప్రమాదంలో కాలు పోయినంత పనై బయటపడ్డ ఐఏఎస్ అధికారి డి.ఆర్.మెహతా 1975లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి పెట్టాకే దారి తెరుచుకుంది. అక్కడ కాలు ఉచితం. కొలత తీసుకుని, నీళ్ల గొట్టాలకు వాడే రకం ప్లాస్టిక్ గొట్టాన్ని వేడిచేసి అచ్చుకు తొడిగి, పాదం బిగిస్తారు. చాలామంది అదే రోజు నడుచుకుంటూ ఇంటికెళ్తారు.

మెగసెసే అవార్డు 1981లో సేథీకి వచ్చింది. మాస్టర్‌జీకి రాలేదు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.