అవ్వ నడకే లెక్క

ఎండాకాలం సెలవులు వస్తే మా హోసూరు చుట్టుపక్కల ఒక్క రోజులో పోయి రాదగిన చోట్లకు కొదవ లేదు. మా ఊరు కొంచెం ఎత్తు మీద ఉంది కాబట్టి పొద్దున పూట చల్లగానే ఉంటుంది. మే మొదటి వారంలో కత్తిరి మొదలైందంటే మాత్రం మధ్యాహ్నం ఇక్కడ కూడా తల మాడిపోతుంది.

పోయిన సెలవుల్లో ఒక ఆదివారం అందరమూ కలిసి బయటికి పోవాలని మా ఇంట్లో అనుకున్నారు. నాయన సిప్కాట్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తారు. వారానికి ఆ ఒక్క దినమే ఆయనకు సెలవు. "నువ్వే ప్లాన్ వెయ్యి" అని నాకు అప్పజెప్పినారు.

నేను ఒక్కొక్కరినీ అడిగినాను. అమ్మకు చంద్రచూడేశ్వరుని కొండకు పోవాలని ఆశ. తమ్ముడికి కెలవరపల్లి డ్యాము కావాలి, అందులో దిగి ఆడాలి. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని బెంగళూరు పక్కగా వచ్చి ఆ డ్యాములో చేరుతుంది. దాని నీళ్ళ మీద ఒక్కోసారి తెల్లగా నురగ తేలుతుంది. అందుకే నాయన "చూడొచ్చు గానీ దిగకూడదు" అన్నారు. ఆయనకు కృష్ణగిరి డ్యాము మీద మనసు, అది సుమారు 50 కిలోమీటర్లు. నాకు తొరపల్లి చూడాలని ఉండింది. రాజాజీగారు 1878లో పుట్టిన ఊరు అది.

అవ్వను అడిగితే, "మీరు పోయి రండి పాపా, నేను ఇల్లు చూసుకుంటా" అనింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. తాత పోయినప్పటినుంచి ఆస్పత్రికి తప్ప ఎక్కడికీ కదలలేదు. మళ్ళీ అడిగినా అదే మాట. అప్పుడు ప్రశ్న మార్చి, "అవ్వా, కూర్చోకుండా ఎంత దూరం నడవగలవు?" అన్నాను. "ఒక ఫర్లాంగు నడుస్తా. మా చెరువు కట్ట మీదైతే ఇంకా కొంచెం నడుస్తానేమో" అనింది.

చెరువు అంటే రాయకోట దారిలో ఉండే మా పాత ఊరి చెరువు. నాయనకు పని దొరికి హోసూరుకు వచ్చినప్పుడు అక్కడి చేన్లు అమ్మేసినారు. నేను ఆ ఊరు సరిగా చూసిందే లేదు. ఇంట్లో అందరినీ ఒప్పించి, వేరే చోట్లన్నీ పక్కన పెట్టి, ఆ ఒక్క ఊరికే ప్లాన్ వేసినాను.

అవ్వ నడకను బట్టి మిగతా లెక్కలు వచ్చినాయి. ఆరున్నరకు బస్సు ఎక్కితే ఎండ ముదిరే లోపల తోపు చేరవచ్చు. పదకొండు నుంచి మూడున్నర దాకా నీడ వదలకూడదు. 2021 నుంచి సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి నాయనకు, తమ్ముడికి అయ్యే ఖర్చే బస్సు ఖర్చు. మనిషికి 2 లీటర్ల చొప్పున 10 లీటర్ల నీళ్ళు. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది, పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. అందుకని పులిహోర, ఒక క్యాను మజ్జిగ. కాయలున్న దినాల్లో మామిడి తోపులు గుత్తకిచ్చి ఉంటారు, అడగకుండా లోపలికి పోకూడదు. ఆ ఊర్లో ఉండే అవ్వ వదినకు ముందే ఫోన్ చేసి మాట్లాడినాను.

బస్సు దిగినాక తోపుకు రెండు ఫర్లాంగులు. మోరీ మీద ఒకసారి, మారెమ్మ గుడి అరుగు మీద ఒకసారి కూర్చున్నాము. తొందర చేసేవాళ్ళు ఎవరూ లేరు. చెరువులో సగానికి పైగా ఎండిపోయి పర్రలు విచ్చింది. అవ్వ కట్ట మీద నిలబడి చెయ్యి చూపిస్తా పేర్లు చెప్పింది. బావికాడి మడి, చింతమాను చేను, గుట్టకింది చేను... నేను నోటుబుక్కులో రాసుకుంటా పోయినాను. మొత్తం పదకొండు పేర్లు. పట్టాలో సర్వే నంబర్లే ఉంటాయంట, ఈ పేర్లు ఉండవంట. వాటిలో రెండు చేన్లలో అప్పటికే ప్లాట్లకు రాళ్ళు నాటి ఉన్నారు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అవ్వకు తప్ప మాలో ఎవరికీ తెలియదు. నాయన కూడా మూడు పేర్లే చెప్పగలిగినారు.

మధ్యాహ్నం తోపులో చాప పరిచి అవ్వ నిద్రపోయింది. తమ్ముడు ఇంగ్లీషు మీడియం, తెలుగు చదవడం రాదు. నా బుక్కు తీసుకుని, "ఇందులో బావికాడి మడి ఏది?" అని అడిగినాడు. చూపించినాను. దాని కింద అవే అక్షరాలను చూసి చూసి మూడుసార్లు రాసినాడు.

మీరు కూడా ఇట్ల ఒక దినం పోవాలనుకుంటే, అందరికన్నా నిదానంగా నడిచేవాళ్ళు ఎంత నడవగలరో ముందు అడగండి. ఒక్క చోటు చాలు. కూర్చోవడానికి నీడ, మాట్లాడడానికి పొద్దు మిగలాలి. ఇంటిలో పెద్దవాళ్ళు ఉంటే చేతిలో ఒక నోటుబుక్కు కూడా ఉండాలి.

వచ్చే సెలవులకు అమ్మ అడిగిన చంద్రచూడేశ్వరుని కొండ అనుకుంటున్నాము. పైదాకా బండి పోయే దారి ఉంది, కాబట్టి అవ్వ కూడా వస్తుంది.