మూసీ ఒడ్డున మళ్లీ తెరిచిన కొట్లు

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, హైదరాబాద్‌లోకి రాకముందే గండిపేట జలాశయం దగ్గర ఆగుతుంది. 1908 సెప్టెంబర్ 28న ఈ నదే పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖంలోంచే, ఇంజనీరు విశ్వేశ్వరయ్య సలహాతో, ఈ జలాశయం పుట్టింది. దెబ్బతిన్న ఊరు లేచి నిలబడిందనడానికి ఇదొక రుజువు.

బాపూఘాట్ దగ్గర ఈసా నదిని కలుపుకుని, 1578 నాటి పురానాపూల్ కింద నుంచి సాగి, నది అఫ్జల్‌గంజ్ చేరుతుంది. ఎడమ గట్టున ఉస్మానియా ఆసుపత్రి. దాని ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ఆనాటి వరదనుంచి బతికి బయటపడ్డారని ఊరంతా చెప్పుకుంటుంది. 2007లో నగరంలో పేలిన బాంబులకు గాయపడ్డవాళ్లనూ ఈ ఆసుపత్రికి మోసుకొచ్చారు.

నయాపూల్ దాటి కుడి గట్టున కాస్త లోపలికెళ్తే మక్కా మసీదు. 2007 మే 18, జుమ్మా నమాజు వేళ, వజూ చేసుకునే హౌజ్ (నీటితొట్టి) దగ్గర బాంబు పేలి కొందరు చనిపోయారు. ఆ తర్వాతి అలజడిలో పోలీసు కాల్పులకు మరికొన్ని ప్రాణాలు పోయాయి. 2018లో కోర్టు నిందితులను నిర్దోషులని విడిచిపెట్టింది. మరి చంపిందెవరు? ఆ ప్రశ్న గుండెలో పెట్టుకునే జనం నేటికీ అదే హౌజ్ దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని నమాజుకు నిలబడుతున్నారు.

చాదర్‌ఘాట్ దగ్గర ఎడమకు తిరిగితే కోఠి. అదే 2007లో ఆగస్టు 25, శనివారం సాయంత్రం. గోకుల్ చాట్‌లోనూ, హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కులోనూ నిమిషాల తేడాతో పేలుళ్లు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో లేజర్ షో చూడ్డానికొచ్చిన మహారాష్ట్ర ఇంజనీరింగ్ విద్యార్థులూ ఉన్నారు. గోకుల్ చాట్ మళ్లీ తెరుచుకుంది. కోఠిలో పాత పుస్తకాలు బేరమాడి కొనుక్కున్న పిల్లలు ఇప్పుడూ అక్కడే నిలబడి చాట్ తింటారు.

హుస్సేన్‌సాగర్ మిగులు నీరు నాలాగా వచ్చి అంబర్‌పేట వైపున మూసీలో కలుస్తుంది. మూసారాంబాగ్ దగ్గర కుడి గట్టుకు దాటి వెళ్తే దిల్‌సుఖ్‌నగర్. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, సైకిళ్ల మీద పెట్టిన రెండు బాంబులు 18 మందిని బలితీసుకున్నాయి. జిల్లాల నుంచి వచ్చి, హాస్టళ్లలో ఉంటూ, ఉద్యోగం కోసం కోచింగ్ తీసుకునే పిల్లలు తిరిగే చోటది. ఆ పిల్లలు మళ్లీ క్లాసులకెళ్లారు. మిర్చిబజ్జీల మూకుళ్లు మళ్లీ పొయ్యెక్కాయి.

దీన్ని మనం నగరం గుండెధైర్యం అని మెచ్చుకుంటాం. అది నిజమే. కానీ బండి తోస్తేగానీ పూట గడవనివాడికి, కోచింగ్ ఫీజు కోసం నాన్న అప్పు చేసిన అమ్మాయికి ఇంట్లో కూర్చునే వీలెక్కడిది? వాళ్లు భయపడుతూనే వచ్చారు. వాళ్ల కష్టానికి ధైర్యమని పేరుపెట్టి మనం చేతులు దులుపుకోకూడదు.

వరద తర్వాత పాలకులు జనం ఓర్పును పొగిడి ఊరుకోలేదు, ఆనకట్ట కట్టారు. బాంబుల తర్వాతా అలాంటి పూచీయే కావాలి. కాలు పోయినవాళ్లకు బతికున్నంతకాలం వైద్యం, ఇంటి పెద్దను కోల్పోయిన కుటుంబానికి నిలకడైన ఉపాధి, పేలుడు ఎవరు చేశారో తేల్చే నిజాయితీగల దర్యాప్తు. మూసీ నాగోలు దాటి నల్లగొండ వైపు, వాడపల్లిలో కృష్ణను కలవడానికి వెళ్లిపోతుంది. గాయపడ్డవాళ్లు మాత్రం ఈ ఊళ్లోనే, మన మధ్యే ఉన్నారు. వాళ్లు కోలుకున్న రోజే నగరం కోలుకున్నట్టు.