నేక్‌నామాబాద్

పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ సేనాధిపతి నేక్‌నామ్ ఖాన్ కడప సీమను స్వాధీనం చేసుకున్న పిదప, ఈ ఊరు కొంతకాలం నేక్‌నామాబాద్ అని పిలువబడింది. నేక్‌నామ్ అంటే మంచి పేరు గలవాడు. ఒక ఊరికి పెట్టడానికి ఇంతకంటే శుభప్రదమైన మాట దొరకదు. అయినా ఆ పేరు నిలవలేదు. కడపలో గడిపిన మూడు రోజులూ మేము దుకాణదారులను, ఆటో నడిపేవారిని, నమాజు ముగించుకుని మసీదు మెట్ల మీద కూర్చున్న పెద్దలను దాని గురించి అడిగాము. విశ్రాంత ఉపాధ్యాయులొకరు మాత్రం తల ఊపి, "ఎప్పుడో చదివాను" అన్నారు. నవాబుల ఏలుబడి కూడా దాటి వచ్చి నేటికీ నిలిచినది గడప లాంటి ఇంటి మాటే. తిరుమల యాత్రికులకు ఇది గడప గనుక ఆ పేరు వచ్చిందని ఇక్కడివారు చెబుతారు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆంగ్లేయులు కడప అనే మూడక్షరాల మాటను తమ లిపిలో ఎనిమిది అక్షరాలు చేసి, చదివినవారు 'కుడ్డపా' అనేటట్లు రాశారు. రెండు శతాబ్దాల తర్వాత, 2005లో ప్రభుత్వం ఆ వర్ణక్రమాన్ని సరిదిద్దింది. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు. 2025లో దాని పక్కన మళ్లీ కడపను చేర్చారు. మార్చిన ప్రతిసారీ బోర్డులు రాసేవారికి కాస్త పని దొరికిందన్నమాట మాత్రం నిజం.

పేరు మారితే ఊరి దశ మారుతుందా? ఈ ప్రశ్నకు ఈ సీమ చరిత్రలోనే ఒక జవాబున్నది. కంపెనీ చేతికి వచ్చిన ఈ జిల్లాలను దత్తమండలాలు అనేవారు. ఎవరో ఎవరికో ఇచ్చివేసిన నేల అని ప్రతిసారీ గుర్తుచేసే పేరది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన 'రాయలసీమ' దాని స్థానంలోకి వచ్చింది. ఆ మాట ఒక్క వాన చినుకును కూడా అదనంగా కురిపించలేదు. అయితే తొమ్మిదేళ్ల తర్వాత శ్రీబాగ్ ఒడంబడికలో నదీజలాల కోసం కోస్తా నాయకులతో మాట్లాడినవారు రాయలసీమవాసులుగా మాట్లాడారు. తమను తాము గౌరవంగా పిలుచుకోవడం నేర్చినవారికే హక్కు అడిగే గొంతు వస్తుందని మా అభిప్రాయం. పొలం పచ్చబడాలంటే మాత్రం కాలువ కావాలి. కర్నూలు-కడప కాలువ నీరు పారిన చోట వరి, పసుపు పండుతున్నాయి. అది అందని చోట పేరు ఏదైనా ఆకాశం వంకే చూడాలి.

ముస్లిములకు ఈ విషయం కొత్తది కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) నింద అనే అర్థం స్ఫురించే యస్రిబ్ అన్న పేరును ఇష్టపడలేదు. ఆ పట్టణాన్ని తైబా, తాబా అన్నారు. లోకం నోట మదీనా అని నిలిచింది. బంజరు అనే అర్థం గల పేరున్న ఒక నేలకు ఆయన పచ్చనిది అని పేరు మార్చినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అపశకునాలను నమ్మవద్దని బోధించిందీ ఆయనే. మంచి మాట మనసుకు ఆహ్లాదమిస్తుంది, అంతే. దానికి అదృష్టాన్ని పంచే శక్తి లేదు. పేరు మార్చి మదీనాను అలాగే వదిలివేయలేదు. వలస వచ్చినవారికి, స్థానికులకు మధ్య సోదర బంధం ఏర్పరచారు. వ్యాపారానికి బజారు ఏర్పాటు చేశారు. తాగునీటికి ఇబ్బంది ఉన్న ఆ ఊళ్లో హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ ధారపోశారు.

మళ్లీ కడపకు వద్దాము. ఈ పేరును దూరదేశాలకు మోసుకుపోయినది రాయి. ఎర్రగుంట్ల పరిసరాల్లో భూమి పొరలు పొరలుగా ఉంటుంది; నల్లని, బూడిదరంగు సున్నపురాతిని పలకలుగా విడదీసి, కోసి, నునుపు చేసి లారీలకెత్తుతారు. మహారాష్ట్రలో వంటింటి గట్టుకు వేసే ఆ నల్లరాయినే 'కడప్పా' అంటారు. అది ఒక ఊరి పేరని తెలియకుండానే అక్కడి ఇల్లాలు రోజుకు పదిసార్లు దానిని తుడుస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞులకైతే కడప ఒక విశాలమైన ప్రాచీన శిలా ప్రాంతం. వారి గ్రంథాల్లో ఆ పాత ఎనిమిదక్షరాల రూపమే ఇప్పటికీ చెలామణిలో ఉంది. జమ్మలమడుగు దగ్గరి గండికోట కథ ఇంకొక తీరు. పెన్నా నది కోసిన లోయను ఇప్పుడు 'భారతదేశపు గ్రాండ్ కాన్యన్' అంటున్నారు. అరువు పేరే, కాని అది విని యువకులు గుంపులుగా వస్తున్నారు. లోయ అంచున ఫోటోలు తీసుకుని, కోటలోని జామియా మసీదు కమానులను ఓసారి చూసి వెళ్లిపోతున్నారు.

రాయి సంపాదించిన పేరును తెర చెడగొట్టింది. 1999లో సమరసింహారెడ్డి చిత్రం విజయం సాధించాక కొన్నేళ్లపాటు సీమ అంటే వేటకొడవళ్లు, నాటుబాంబులు, దుమ్ము రేపుకుంటూ వచ్చే సుమోలు. ముఠాకక్షలు లేవని మేము అనము. వాటి వల్ల దిక్కులేనివైన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. అయితే ఆ కుటుంబాల దుఃఖం తెర మీద కనిపించలేదు, కొడవలి మాత్రం కనిపించింది.

మాకు ఆతిథ్యమిచ్చిన ఇంటి అబ్బాయి చదువు ముగించుకుని హైదరాబాదులో చిన్న ఉద్యోగం చేస్తున్నాడు. గది కోసం తిరిగినప్పుడు ఒక యజమాని "ఏ ఊరు?" అని అడిగి, కడప అనగానే ముఖం మార్చి, గది ఇదివరకే మాట్లాడేసుకున్నారని చెప్పాడట. ఆ తర్వాత వాడు ఎవరడిగినా "తిరుపతి దగ్గర" అనడం అలవాటు చేసుకున్నాడు. "నా కొడుకు ఊరి పేరు దాచుకుని బతుకుతున్నాడు భాయ్ సాబ్," అని వాళ్లమ్మ చెప్పినప్పుడు ఆమె గొంతు బరువెక్కింది. వాడు మాత్రం నవ్వాడు.

"అమ్మీ, ఆయన వద్దనే ముందు గది అంతా చూపించాడు. వంటింట్లో అరలన్నీ మన కడప బండలే."

ఆమె నవ్వలేదు. "మరి ఆ మాట ఆయనతో అనలేకపోయావా బేటా?" అంది.